దాచమన్న ఫైలు

మా ఇంట్లో ఇనుప బీరువా కింది అరలో నీలం రంగు ఫైలు ఒకటి ఉంది. 2021 వేసవి నుంచి క్యాన్సర్ వల్ల నా ఒంటికి జరిగినదంతా అందులో కాగితాలుగా ఉంది. చివరి స్కాన్‌లో ఏమీ లేదని తెలిసి ఇంటికి వచ్చిన రోజు రాత్రి మా అన్న ఆ ఫైలును అమ్మ పట్టుచీరల కింద పెట్టి, "ఇగ దీన్ని ఎవ్వరికీ సూపియ్యకు, అయిపోయింది గదా" అన్నాడు. ఆ మాటలో నా మీద ప్రేమే ఉంది. అయినా ఆ మాటను నేను నిలబెట్టలేకపోయాను. ఎందుకు నిలబెట్టలేకపోయానో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

మాది నల్లగొండ జిల్లా కనగల్ మండలంలో ఒక పల్లె. నాయినకు మూడెకరాల బత్తాయి తోట ఉంది. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. 2021లో కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన రోజుల్లో నాకు పొడి దగ్గు పట్టుకుంది. అప్పుడు నా వయసు ఇరవై ఐదు. దగ్గిన ప్రతివారినీ కరోనా అనుమానంతో చూసే కాలం అది కనుక, పరీక్షలో లేదని తేలాక అందరం ఊపిరి పీల్చుకుని దగ్గు సంగతి వదిలేశాము. ఎడమ వైపు మెడ ఎముక పైన కుంకుడు గింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టే రెండు నెలలు పట్టించుకోలేదు. ఆ తర్వాత సాయంత్రం పూట సన్నగా జ్వరం, రాత్రుళ్లు దిండు తడిసిపోయేంత చెమట, కాళ్ల మీద ఏ మచ్చా లేకుండానే ఆగని దురద మొదలయ్యాయి. యాభై ఎనిమిది కిలోలు ఉండేదాన్ని యాభైకి దిగాను. ఆన్‌లైన్ పాఠాలు పోయి బడి తెరిచిన రోజుల్లో తోటి టీచర్లు "సన్నబడ్డావు, బాగున్నావు" అనేవారు.

మా ప్రాంతంలో మెడలో గడ్డ అంటే ముందుగా తట్టేది టీబీ. ఎక్కువమందిలో ఆ అంచనా నిజమే అవుతుంది కూడా. పట్టణంలో నేను వెళ్లిన డాక్టరు గడ్డలో సూది గుచ్చి నీరు తీసి పరీక్షకు పంపించారు. రిపోర్టులో ఏదీ తేల్చి చెప్పకపోయినా టీబీ మందులు మొదలుపెట్టారు. మూత్రం నారింజ రంగులో వస్తుందని, భయపడవద్దని ఆయన ముందే చెప్పారు. మూడు నెలలు ఒక్క పూట కూడా తప్పకుండా మాత్రలు వేసుకున్నాను. గడ్డ కుంకుడు గింజ నుంచి నిమ్మకాయంత అయింది, పక్కన మరో రెండు లేచాయి. నాకు వచ్చిన జబ్బులో అసలైన క్యాన్సర్ కణాలు గడ్డలో చాలా కొద్దిగా ఉంటాయని, వాటి చుట్టూ మామూలు కణాలే గుంపుగా చేరతాయని, అందువల్ల సూదితో తీసిన చుక్కలో అవి దొరకకుండా పోవచ్చని తర్వాత తెలిసింది. గడ్డను మొత్తంగా తీసి, ముక్కలుగా కోసి చూస్తేనే సంగతి తేలుతుంది. మందులు వాడినా గడ్డ పెరుగుతూనే ఉంటే, "దీన్ని తీసి చూద్దామా?" అని మనమైనా అడగాలి. నేను అడగలేదు. డాక్టరును ఎదురు ప్రశ్నించడం మర్యాద కాదనుకున్నాను. ఆ మూడు నెలలు తలుచుకున్నప్పుడల్లా ఆయన మీద ఎంత కోపం వస్తుందో, నా మొహమాటం మీద కూడా అంతే వస్తుంది.

డిసెంబరులో హైదరాబాదులో గడ్డ తీయించుకున్నాము. పది రోజులకు వచ్చిన రిపోర్టులో హాడ్జ్‌కిన్ లింఫోమా అని ఉంది. అంటే లింఫు గ్రంథులకు వచ్చే ఒక రకం క్యాన్సర్. 1832లో థామస్ హాడ్జ్‌కిన్ అనే బ్రిటిష్ వైద్యుడు మొదట వర్ణించినందుకు ఆ పేరు వచ్చింది. ఇది ఇరవైలు ముప్ఫైల వయసులో ఎక్కువగా కనిపిస్తుందని, ఆ తర్వాత మళ్లీ పెద్ద వయసులో కనిపిస్తుందని డాక్టరమ్మ చెప్పారు. క్యాన్సర్లలో మందుకు బాగా లొంగే వాటిలో ఇదొకటని, పూర్తిగా నయం చేయాలన్న లక్ష్యంతోనే చికిత్స మొదలుపెడుతున్నామని కూడా చెప్పారు. నేను ఆ చివరి మాటను పట్టుకున్నాను. అమ్మ మాత్రం జబ్బు పేరు దగ్గరే ఆగిపోయింది. మా ఊళ్లో ఎవరు అడిగినా "గొంతుల గడ్డ అయింది, తీసిన్రు" అని చెప్పేది. క్యాన్సర్ అన్న మాట చాలా కాలం ఆమె నోట రాలేదు. పడుకున్న దాన్ని లేపినట్టు, ఆ పేరు పలికితే అది మళ్లీ లేస్తుందని ఆమె భయం.

రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి వెళ్లాము. 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అది. ఆ వరండాలో కూర్చుంటే ఆదిలాబాద్ మాట, గద్వాల మాట, ఉర్దూ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లడం, ఆరోగ్యశ్రీ అనుమతి వచ్చేదాకా వేచి ఉండడం, రక్త పరీక్ష చేయించుకుని ఆ కాగితంతో మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లడం, ఆయన సంతకం పెడితే మందు ఎక్కించే గదికి వెళ్లడం, ఇదీ ప్రతిసారీ మా దినచర్య. నా బదులు ఈ వరుసలన్నింటిలో అమ్మే నిలబడేది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడు నీళ్లు ఆమె మోకాళ్లను వంచేశాయి. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో నీలం ఫైలును గుండెకు అదుముకుని ఆమె మెట్లెక్కుతుంటే, జబ్బు మనిషి ఎవరో తెలియక సెక్యూరిటీ అతను చక్రాల కుర్చీని ఆమె ముందుకు తెచ్చాడు. ఆ రోజు కుర్చీలో ఆమె కూర్చుంటే నేను నెట్టుకుంటూ వెళ్లాను. ఇప్పటికీ ఆ దృశ్యం కళ్లముందే ఉంటుంది.

మందు మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ అమ్మను బయట కూర్చోమని, పిల్లల సంగతి నాతో మాట్లాడారు. నాకు ఇవ్వబోయే మందుల వల్ల అండాశయాలు పూర్తిగా దెబ్బతినే ప్రమాదం మిగతా కొన్ని చికిత్సలతో పోలిస్తే తక్కువేనని, అయినా హామీ ఇవ్వలేమని, కావాలంటే అండాలను తీసి భద్రపరచుకునే పద్ధతి ఉందని, దానికి రెండు వారాల సమయమూ ఖర్చూ అవుతాయని చెప్పారు. నా ఛాతీ మధ్యలో కూడా గడ్డలు ఉన్నాయి, దగ్గు పెరుగుతోంది. నేను బయటకు వచ్చి ఈ మాట చెబితే అమ్మ, "ముందు నువ్వు బతుకు బిడ్డా" అన్నది. భద్రపరచుకోలేదు. అది తప్పు నిర్ణయం అని నేను అనను. కానీ ఇరవై ఆరో ఏట అడుగుపెడుతున్న మనిషి ఆ విషయాన్ని పది నిమిషాల్లో, మెట్ల మీద నిలబడి తేల్చుకోవలసి రావడం కష్టమైన సంగతి. చికిత్స మొదలుకాకముందే ఈ ప్రశ్న అడగాలని ప్రతి యువతికీ, అలాగే ప్రతి యువకుడికీ తెలిసి ఉండాలి. మగవారికి ఈ పని ఇంకా సులువు, వీర్యాన్ని భద్రపరచడానికి ఒకటి రెండు రోజులు చాలు.

2022 జనవరిలో మొదటి డోసు. ఏబీవీడీ అని నాలుగు మందుల కలయిక అది: అడ్రియామైసిన్, బ్లియోమైసిన్, విన్‌బ్లాస్టిన్, డకార్బజిన్. పదిహేను రోజులకొక డోసు, మొత్తం పన్నెండు. అడ్రియామైసిన్ దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. అది ఎక్కిన రోజు మూత్రం ఎర్రగా వస్తుంది. టీబీ మాత్రలప్పుడు నారింజ రంగు చూసి ఉన్నాను కనుక నేను భయపడలేదు. డకార్బజిన్ వెలుతురు తగిలితే పాడవుతుందని సీసాకు నల్ల కవరు తొడిగేవారు. అన్నింటికంటే నన్ను బాధపెట్టింది ఆ నల్ల కవరులోని మందే. చేతి నరం వెంట మోచేతి దాకా నిప్పు పాకినట్టు ఉండేది. నర్సమ్మ వేగం తగ్గించి, గోరువెచ్చని గుడ్డ వేసేవారు. ఐదో డోసుకు నా ఎడమ చేతి నరం తాడులా గట్టిపడి నల్లబడింది. వీపు మీద కొరడాతో కొట్టినట్టు పొడుగాటి నల్ల చారలు తేలాయి. అమ్మ వాటిని చూసి ఎవరిదో దిష్టి అనుకుని ఉప్పు మిరపకాయలు తిప్పి పోసింది. అవి బ్లియోమైసిన్ చారలని డాక్టరు చెప్పాక కూడా దిష్టి తీయడం మానలేదు. నేను కూడా వద్దనలేదు.

మూడో డోసు ముందు తెల్లకణాలు బాగా పడిపోయాయి. అవి పెరగడానికి పొట్ట మీద చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్ రాశారు. దాన్ని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. నల్లగొండలో మందుల షాపు నుంచి మా ఊరికి అన్న దాన్ని థర్మాస్‌లో ఐసు ముక్కల మధ్య పెట్టి బండి మీద తెచ్చేవాడు. ఐసు నేరుగా తగిలి గడ్డకట్టినా మందు పనికిరాదని తెలిసి, మధ్యలో తువ్వాలు చుట్టేవాడు. ఊళ్లో ఆర్.ఎం.పి. వచ్చి వేసి వెళ్లేవారు. ఆ ఇంజెక్షన్ తర్వాత నడుము ఎముకలు లోపలి నుంచి దంచినట్టు నొప్పి పెట్టేవి. అది మందు పనిచేస్తున్న గుర్తేనని ముందుగా చెప్పి ఉండకపోతే, జబ్బు ఎముకలకు పాకిందని రాత్రంతా ఏడ్చి ఉండేదాన్ని.

నోట్లో పుండ్లు పడ్డ రోజుల గురించి ఒక్క మాట. మాది బత్తాయి తోట. చూడవచ్చిన ప్రతి చుట్టం కూడా బత్తాయిలే పట్టుకుని వచ్చేవారు. మంచం చుట్టూ సంచుల నిండా బత్తాయిలు, నేను మాత్రం ఒక్క తొన కూడా పెదవికి తాకించలేకపోయేదాన్ని. పెరుగన్నంలో ఉప్పు కూడా మండేది. నాయిన తోటకు పోయేటప్పుడు నా వైపు చూడకుండా పోయేవాడు.

నాలుగు డోసుల తర్వాత పెట్ స్కాన్ తీశారు. చక్కెరలాంటి రేడియోధార్మిక మందును ఒంట్లోకి ఎక్కించి, అది ఎక్కడెక్కడ పోగవుతోందో చూసే పరీక్ష అది. జబ్బు కణాలు చక్కెరను ఆబగా లాక్కుంటాయి కాబట్టి అవి ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. ఆ సాయంత్రం చిన్నపిల్లలకు దూరంగా ఉండమన్నారు. అన్న కొడుక్కి అప్పుడు రెండేళ్లు. తలుపు అవతల నిలబడి "అత్తా" అని పిలుస్తుంటే జవాబివ్వకుండా పడుకున్నాను. స్కాన్‌లో వెలుగు దాదాపు ఆరిపోయింది. మొదటి స్కాన్ ఇలా బాగుంటే మిగతా డోసుల్లో బ్లియోమైసిన్ మానేయవచ్చని, దాని వల్ల ఊపిరితిత్తులకు ప్రమాదం తగ్గుతుందని చెప్పి, ఆ తర్వాతి ఎనిమిది డోసులు మూడు మందులతోనే నడిపారు. జూన్‌లో పన్నెండోది పూర్తయింది. ఆగస్టు స్కాన్‌లో ఏమీ లేదు.

అప్పుడే అన్న ఫైలును చీరల కింద పెట్టింది. ఇంట్లో అందరి కష్టమూ ఆ రోజుతో తీరింది. నా కష్టంలో కొంత భాగం ఆ రోజే మొదలైంది. చికిత్స జరిగినన్నాళ్లూ పదిహేను రోజులకోసారి ఎవరో ఒకరు నా రక్తం చూసి, మెడ తడిమి, పర్వాలేదని చెప్పేవారు. ఇప్పుడు మూడు నెలలదాకా రావద్దన్నారు. ఆ మూడు నెలల్లో నా మెడను నేను ఎన్నిసార్లు తడుముకున్నానో లెక్కలేదు. తడిమి తడిమి చర్మం కమిలింది. చెకప్ కోసం బస్సెక్కితే నార్కట్‌పల్లి, చిట్యాల దాటేదాకా బాగానే ఉండేది. చౌటుప్పల్ రాగానే, మందు ఏదీ ఎక్కించరని తెలిసినా, కడుపులో తిప్పడం మొదలయ్యేది. డాక్టరును అడిగితే, శరీరం ఆ దారికీ వాంతికీ ముడి వేసుకుందని, చాలామందికి ఉంటుందని, కాలం గడిచేకొద్దీ తగ్గుతుందని చెప్పారు. దాదాపు ఏడాదిన్నర పట్టింది.

బడిలో నా స్థానంలో వేరొకరిని తీసుకున్నారు. "పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటరో" అన్నది వారు చెప్పిన కారణం. అంటుకునే జబ్బు కాదని చెప్పడానికి నాకు ఆ రోజు నోరు రాలేదు, ఈ రోజైతే వస్తుంది. ఇంకో బడిలో చేరాను. అక్కడ తొమ్మిదో తరగతికి లెక్క చేస్తూ బోర్డు మీద పదిహేడును ఆరుతో హెచ్చించలేక చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయాను. ఎక్కాలు నోటికి వచ్చిన మనిషిని. పిల్లలు నిశ్శబ్దంగా చూశారు, ముందు బెంచీలోని అమ్మాయి మెల్లగా "నూటరెండు మేడం" అన్నది. కీమో తర్వాత కొందరికి జ్ఞాపకం, ఏకాగ్రత ఇలా మందగిస్తాయని తెలిసేదాకా, నా బుద్ధే పోయిందని అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి పాఠమూ ముందురోజు రాత్రి కాగితం మీద చేసుకుని వెళ్లేదాన్ని. 2024లో డీఎస్సీ రాశాను. ఉద్యోగం రాలేదు, కానీ పరీక్ష మొత్తం కూర్చుని పూర్తి చేయగలిగాను.

జుట్టు తిరిగి వచ్చింది. మునుపు తిన్నగా ఉండేది, ఉంగరాలుగా వచ్చింది. నేను మంచంలో ఉన్నప్పుడు అమ్మ చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామికి నా తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నదట. ఒకసారి మొత్తం పోగొట్టుకున్న జుట్టును మళ్లీ ఇవ్వడానికి నా మనసు ఒప్పలేదు. ఒక అమావాస్యకు గుట్ట ఎక్కి, మూడు కత్తెరలు ఇచ్చి వచ్చాము. స్వామికి అంత చాలని అమ్మే అన్నది. ఆగిపోయిన నెలసరి కూడా అంతకుముందే, 2022 డిసెంబరులో తిరిగి వచ్చింది. అమ్మ ఆ రోజు పరమాన్నం వండింది, ఎందుకని నాయిన అడిగితే చెప్పలేదు.

2023 చివరలో సూర్యాపేట వైపు నుంచి సంబంధం వచ్చింది. మేనమామ మధ్యవర్తి. "గడ్డ సంగతి ఎత్తకు బిడ్డా, లగ్గం అయినంక నిదానంగ చెప్పుకోవచ్చు" అన్నాడు. పెళ్లయ్యాక ప్రతి ఆరు నెలలకు నేను ఎక్కడికి వెళ్తున్నానో ఏమని చెప్పాలి? నల్లబడ్డ చేతి నరం గురించి ఏమని చెప్పాలి? పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి రెండు కుటుంబాలూ వచ్చినప్పుడు, పెళ్లికొడుకును పక్కకు పిలిచి అంతా చెప్పాను. జబ్బు పేరు, మందులు, ఐదేళ్ల చెకప్‌లు, రెండేళ్లు దాటాకే గర్భం గురించి ఆలోచించమన్నారన్న సంగతి, పిల్లలు కలుగుతారని గానీ కలగరని గానీ ఎవరూ హామీ ఇవ్వలేదన్న సంగతి. ఆయన శ్రద్ధగా విన్నారు. "ఇది పుట్టే పిల్లలకు వస్తదా అండీ?" అని అడిగారు. తల్లి నుంచి బిడ్డకు దిగే జబ్బుగా దీన్ని చూడరని డాక్టరు నాకు చెప్పినదే చెప్పాను. వారం తర్వాత జాతకాలు కలవలేదని కబురు వచ్చింది. నాకు బాధ కలగలేదంటే అబద్ధం అవుతుంది. అన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ వారం రోజుల్లో, జవాబు ఏమైనా సరే, నేను నిశ్చింతగా నిద్రపోయాను. చాలా కాలం తర్వాత.

2024 నవంబరులో ఒక రాత్రి కుడి పొత్తికడుపులో నొప్పి వచ్చింది. అన్న నల్లగొండలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అపెండిక్స్ అని, తెల్లవారేలోగా ఆపరేషన్ చేయాలని చెప్పారు. కేసు షీటు రాస్తూ ఇంతకుముందు జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే, అలవాటుగా అన్న "ఏం లేవు సార్" అన్నాడు. నొప్పితో ముడుచుకుపోయి ఉన్నా, ఫోన్‌లో తీసి ఉంచుకున్న ఫైలు ఫొటోలను మత్తు ఇచ్చే డాక్టరమ్మ చేతికి ఇచ్చాను. ఆమె ఫోన్ పట్టుకుని పక్కనే స్టూలు మీద కూర్చుండిపోయారు. బ్లియోమైసిన్ ఎన్ని డోసులు, చివరిది ఎప్పుడు, ఆయాసం ఏమైనా ఉందా, గుండె ఎకో ఎప్పుడు తీశారు అని వరుసగా అడిగారు. ఆ మందు తీసుకున్నవారికి ఆపరేషన్ వేళ ఆక్సిజన్ అవసరానికి మించి ఇస్తే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చన్న జాగ్రత్త ఏళ్ల తర్వాత కూడా పాటిస్తారట. అడ్రియామైసిన్ గుండె కండరాన్ని బలహీనపరచగలదు కాబట్టి దాన్ని కూడా చూసుకోవాలట. నడుముకు మత్తు ఇచ్చి, ఆక్సిజన్‌ను కొలిచి కొలిచి ఇస్తూ ఆపరేషన్ చేయించారు. బయటకు వచ్చి అన్నతో, "మీ చెల్లె చెప్పకపోతే మాకు తెలిసే దారి లేదండీ" అన్నారు.

నేను ఇంటికి వచ్చిన నాలుగో రోజున అన్న బీరువా తెరిచి ఫైలు తీశాడు. మంచం మీద కాగితాలన్నీ పరిచి, "ఇందుల ముఖ్యమైనవి ఏంటియో చెప్పు" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఒక్క పేజీలో రాశాము: జబ్బు పేరు, దశ, బయాప్సీ తేదీ, నాలుగు మందుల పేర్లు, ఏది ఎన్ని డోసులు, అడ్రియామైసిన్ మొత్తం మోతాదు, చివరి ఎకో, నా రక్తం గ్రూపు. ఆ మొత్తం మోతాదు జీవితాంతం గుర్తుంచుకోవలసిన లెక్క. దానికొక గరిష్ఠ పరిమితి ఉంటుంది, మళ్లీ ఎప్పుడైనా ఆ మందు అవసరమైతే ఇదివరకు ఎంత ఇచ్చారో డాక్టరుకు తెలియాలి. అమ్మ గడప దగ్గర కూర్చుని వింటూ, "పైన పెద్ద అక్షరాలతోటి క్యాన్సర్ అని రాయి, లేకుంటే వాళ్లు సూడరు" అన్నది. ఆ పేరు ఆమె నోట నేను విన్నది అదే మొదటిసారి.

అన్న ఆ కాగితాన్ని క్లాక్‌టవర్ సెంటర్‌కు తీసుకెళ్లి టైపు చేయించి, నాలుగు కాపీలు లామినేషన్ చేయించాడు. ఒకటి నా బ్యాగులో, ఒకటి వదిన దగ్గర, ఒకటి ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర, ఒకటి అన్న బండి డిక్కీలో ఉన్నాయి. ఇప్పుడు చెకప్‌లు ఆరు నెలలకోసారే. అడుగున చివరి చెకప్ తేదీ ఉంటుంది కాబట్టి నేను హైదరాబాదు నుంచి వచ్చిన ప్రతిసారీ అన్న నాలుగింటినీ మార్పిస్తాడు. ఇప్పటికి రెండుసార్లు మార్చాము. జనవరిలో మళ్లీ వెళ్లాలి.